షిఫ్టు మారే ఇంటి నుంచి మెదడు శాస్త్రంలోకి

గోదావరిఖనిలో పెరిగిన పిల్లలకు నిద్ర గురించి మిగతా ఊళ్ల పిల్లలకు తెలియని సంగతులు చాలా తెలుసు. నాన్న నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. కిటికీకి దుప్పటి కట్టాలి. టీవీ నోరు మూయించాలి. ఇంత చేసినా ఆయన నాలుగైదు గంటలకే లేచి కూర్చుంటాడు, సరిగ్గా పట్టలేదని విసుక్కుంటాడు. ఆ షిఫ్టుకు ఒళ్లు అలవాటు పడేలోపే వారం తిరిగి షిఫ్టు మారుతుంది.

రాత్రంతా బొగ్గు బాయిలో కష్టపడి వచ్చిన మనిషికి పగలు నిద్ర ఎందుకు పట్టదు? ఈ ప్రశ్నకు జవాబు వెతికేదే ప్రవర్తనా నాడీశాస్త్రం. మనసు చేసే పనినీ మెదడులో జరిగే పనినీ ఒకేచోట పెట్టి చూసే శాస్త్రం ఇది. సింగరేణి బెల్టు విద్యార్థులకు ఎంపీసీ అంటే ఇంజనీరింగ్, బైపీసీ అంటే నీట్, ఆర్ట్స్ అంటే గ్రూప్స్, ఇవేవీ కాకుంటే డిపెండెంట్ ఉద్యోగం అన్న లెక్కే బాగా తెలుసు. ఆ లెక్కలో ఈ శాస్త్రం లేదు. ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కంపెనీ కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరికి దిగింది. బాయి ఉద్యోగం ఇంటికి ఒకరికి దొరికినా, తోబుట్టువులు మరో దారి చూసుకోవాల్సిందే.

ముందు శాస్త్రం సంగతి. కళ్ల నుంచి వచ్చే నాడులు మెదడులో ఒకదాన్నొకటి దాటే చోటుకు సరిగ్గా పైన ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. ఒంట్లో జీవగడియారానికి పెద్ద దిక్కు అదే. ఎప్పుడు ఒళ్లు వేడెక్కాలి, ఎప్పుడు చల్లబడాలి, మెలటోనిన్ ఎప్పుడు ఊరాలి అన్నవన్నీ దాని అదుపులో ఉంటాయి. గడియారాన్ని సరిదిద్దేది ముఖ్యంగా వెలుతురు. నైట్ షిఫ్ట్ దిగి ఎండలో బండి మీద ఇంటికొచ్చే కార్మికుడి మెదడుకు ఆ ఎండ చెప్పేది ఒక్కటే: పొద్దు పొడిచింది, మేలుకో. అలసట నిద్రపొమ్మంటుంది, గడియారం లెమ్మంటుంది. రెండింటి మధ్యా నిద్ర తునకలవుతుంది. దీనికి మనిషి బద్ధకంతోనో మనోబలంతోనో సంబంధం లేదు.

ఈ గడియారం జన్యువుల్లో ఉందని మొదట తేలింది పండ్ల ఈగల్లో. 1971లో కొనోప్కా, బెంజర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక జన్యువు చెడితే ఈగ దినచర్యే మారిపోతుందని చూపారు. ఆ జన్యువు పనితీరును విప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. మన దేశంలో ఈ రంగానికి పునాది వేసినవారు ఎం.కె. చంద్రశేఖరన్. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఆయన గుహల్లోని గబ్బిలాల మీద పనిచేశారు. మనుషులను గడియారం, సూర్యుడు కనిపించని గదిలో రోజుల తరబడి ఉంచి చూసే ఏర్పాటూ అక్కడ ఉండేది. అంతకు ముందు 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు గడియారం లేకుండా ఒక గుహలో రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న పైకి వచ్చినప్పుడు అతని లెక్క ప్రకారం ఆ రోజు ఇంకా ఆగస్టు 20. భూమి లోపల పనిచేసేవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లు ఈ ప్రయోగాల గురించి చదివితే అవి పరాయివిగా అనిపించవు.

మన గడియారం సరిగ్గా 24 గంటలది కాదు. సగటున పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. అందుకే పడుకునే వేళను ముందుకు జరుపుకోవడం కన్నా వెనక్కి జరుపుకోవడం తేలిక. ఫస్ట్ షిఫ్ట్ నుంచి సెకండ్‌కు, సెకండ్ నుంచి నైట్‌కు పోవడం ఒంటికి కొంత సులువు, దానికి ఎదురు దిశలో తిరగడం కష్టం అన్న వాదనకు ఆధారం ఇదే. ఏ దిశలో తిప్పాలి, ఎన్ని రోజులకొకసారి తిప్పాలి, మధ్యలో ఎంత విశ్రాంతి ఇవ్వాలి అన్నవి ఇప్పటికీ పరిశోధకులు తేల్చుకుంటున్న ప్రశ్నలు.

ఇక ప్రమాదం వైపు చూద్దాం. నిద్రలేమిని కొలవడానికి ప్రపంచమంతా వాడే పరీక్ష ఒకటుంది. చేతిలో చిన్న పెట్టె, దాని మీద చీకటి తెర. రెండు నుంచి పది సెకన్ల లోపల ఎప్పుడో ఒకప్పుడు ఎర్ర అంకెలు మొదలై పరుగెడతాయి. కనిపించగానే బటన్ నొక్కాలి. అంతే పని. కానీ పది నిమిషాలు ఆపకుండా చేయాలి. అర సెకను దాటి నొక్కితే ఆ క్షణం మెదడు జారిపోయినట్టు లెక్క. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ డింజెస్ బృందం ఈ పరీక్షతో చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. రెండు వారాల పాటు రోజుకు 6 గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. తాము అంత చెడ్డగా ఉన్నామని వాళ్లకు తెలియలేదు. నిద్రమత్తు కొద్దిగానే ఉందని చెప్పారు. ‘నాకేం కాదు, అలవాటైంది’ అన్న మాట మన దగ్గర ఎంతమంది నోట వింటాం!

1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో మరో లెక్క చెప్పారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంతో సమానం. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పొద్దున 7 గంటలకు లేచి, పగలు కునుకు తీయకుండా నైట్ షిఫ్ట్‌కు పోయి ఓపెన్‌కాస్టులో డంపర్ ఎక్కిన మనిషికి రాత్రి 12 కొట్టేసరికే ఆ 17 గంటలు నిండుతాయి. అప్పటికి షిఫ్టు ఇంకా మొదట్లోనే ఉంటుంది. డ్రైవర్ కంటిరెప్పలు వాలుతుంటే పసిగట్టి హెచ్చరించే కెమెరాలు విదేశాల్లోని పెద్ద ఓపెన్‌కాస్టులకు వచ్చేశాయి. వాటిని తయారుచేసే సంస్థల్లో కంప్యూటర్ ఇంజనీర్ల పక్కన నిద్ర శాస్త్రం చదివినవాళ్లు కూర్చుంటారు. ఈ చదువుకు ఉద్యోగం ఎక్కడుంటుంది అని అడిగేవాళ్లకు ఒక జవాబు ఇది.

ఈ శాస్త్రం నిద్ర దగ్గరే ఆగదు. తెలుగు నేల మీద జరిగి ప్రపంచం చదివిన పరిశోధన కూడా ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించింది. వాళ్లలో 391 మంది రెండో అంతకన్నా ఎక్కువో భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం బలమంతా హైదరాబాద్‌లోనే ఉంది. కెనడా లాంటి చోట్ల రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లనా, వలస వల్లనా అన్న అనుమానం అక్కడ పోదు. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ వీధిలోనే వస్తాయి, వాటికి వలసతో పని లేదు. చదువురాని వాళ్లలోనూ అదే తేడా కనిపించింది కాబట్టి బడి చదువు వల్ల వచ్చిందనీ కొట్టిపారేయలేం. తర్వాత వేరే చోట్ల జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు, చర్చ నడుస్తూనే ఉంది. బాయిలో ఒకరితో తెలుగులో, ఇంకొకరితో హిందీలో మాట్లాడుతూ పనిచేసి రిటైరైన తాతలు ఖనిలో కావలసినంత మంది ఉన్నారు. ఆ చర్చకు ఇక్కడి నుంచీ సాక్ష్యం వెళ్లగలదు.

ఇప్పుడు దారులు. వైద్యం చేయాలని ఉందా, పరిశోధన చేయాలని ఉందా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ వేర్వేరు చదువులు.

వైద్యం వైపు వెళ్లాలంటే ఒకటి ఎంబీబీఎస్ చేసి సైకియాట్రీలో ఎండీ. 2022 నుంచి రామగుండంలోనే సింగరేణి నిధులతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. రెండోది క్లినికల్ సైకాలజీ. దీనికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇన్నాళ్లూ సైకాలజీ పీజీ తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్ మార్గం ఉండేది. ఎం.ఫిల్‌ను ఎత్తేయడంతో దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. మీరు చేరే ఏడాదికి ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు కౌన్సిల్ జాబితాలో ఉన్నాయో లేదో మీరే చూసుకోండి, ఏజెంటు మాట నమ్మకండి. మూడు నెలల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్‌తో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. ఆ పేరుతో ఫీజులు గుంజుతున్నవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. మరో ముఖ్యమైన మార్పు: 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడాన్ని యూజీసీ ఆపేసింది. ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్‌లో కడదామనుకున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇలాంటి నిపుణుల అవసరం మాత్రం కొండంత ఉంది. నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి, చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. మీకో మీ ఇంట్లోవాళ్లకో ఈరోజే మనసు బాగాలేకపోతే కోర్సుల కోసం ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరిశోధన వైపు మొగ్గితే దగ్గరి మజిలీ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. కంటి కదలికలను బట్టి మనిషి వింటున్న మాటను ఎప్పుడు, ఎలా అర్థం చేసుకుంటున్నాడో చెప్పే పరిశోధన రమేశ్ కుమార్ మిశ్రా బృందం చేస్తోంది. అదే వర్సిటీలో ఇంటర్ తర్వాత చేరగలిగే అయిదేళ్ల హెల్త్ సైకాలజీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, సీయూఈటీ రాయాలి. ఆ దగ్గరే ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబు ఉంది. మనిషి వినే పాటల తీరులో డిప్రెషన్ ఆనవాళ్లు దొరుకుతాయా అని వినూ అల్లూరి బృందం వెతికింది అక్కడే. ఐఐటీ గాంధీనగర్ కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీకి ఏ డిగ్రీ చేసినవాళ్లనైనా తీసుకుంటుంది. బీటెక్ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పీజీ తర్వాత నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్. అదనంగా ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ అంటే ఇంటిమీద భారం అనుకునే తల్లిదండ్రులకు ఈ అంకె చెప్పండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు ఉండాలని చాలామంది అడుగుతారు. బైపీసీ ఉంటే జీవశాస్త్రం సులువు. ఎంపీసీ ఉంటే లెక్కలు, కోడింగ్ కలిసొస్తాయి. ఆర్ట్స్ వాళ్లకూ తలుపులు తెరిచే ఉన్నాయి. అందరికీ కావలసింది మాత్రం స్టాటిస్టిక్స్. సైకాలజీలో అంతకు ముందు అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి, సగం కన్నా తక్కువే నిలబడ్డాయి. అప్పటి నుంచి ఈ రంగం శాంపిల్ ఎంత, లెక్క ఎలా కట్టారు అని గట్టిగా అడగడం నేర్చుకుంది. ఆర్ లేదా పైథాన్‌లో డేటా చూడటం డిగ్రీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టినవాళ్లు ఇంటర్వ్యూలో ముందుంటారు.

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలు రాసే కుర్రాళ్లకూ ఈ చదువుతో పని ఉంది. వాళ్లు భయపడే సీబీఏటీ (కంప్యూటర్ ఆధారిత ఆప్టిట్యూడ్) పరీక్ష పుట్టిందే సైకాలజీ నుంచి. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్ఓలో దీని కోసం సైకో-టెక్నికల్ విభాగమే ఉంది. ప్రతి పరీక్షలో 42 టీ-స్కోరు రావాలంటారు కదా, టీ-స్కోరులో సగటు 50, ప్రామాణిక విచలనం 10. అంటే సగటు కన్నా కొంచెం తగ్గినా పరవాలేదు, కానీ ఏ ఒక్క పరీక్షలోనూ మరీ కిందికి జారకూడదు. ఒకదానిలో ఎక్కువ తెచ్చుకుని ఇంకోదాన్ని వదిలేసే లెక్క ఇక్కడ పనిచేయదు.

చేరేలోపు ఇంట్లోనే ఒక పని మొదలుపెట్టవచ్చు. నాన్ననో అన్ననో అడిగి, మూడు షిఫ్టులూ తిరిగి వచ్చేదాకా ఏ రోజు ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచారు, లేచాక ఒళ్లు ఎలా ఉందన్నారు అన్నవి ఒక నోటుబుక్కులో రాయండి. నిద్ర పరిశోధకులు దీన్నే స్లీప్ డైరీ అంటారు. ఒక్క మనిషి లెక్కతో ఏదీ రుజువు కాదు. కానీ ఈ సబ్జెక్టే ఎందుకని ఇంటర్వ్యూ బోర్డు అడిగినప్పుడు మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది. ఆయన వద్దంటే మానేయండి, మధ్యలో వద్దన్నా ఆపేయండి. బుక్కులో పేరుగానీ మస్టర్ నంబరుగానీ బాయి పేరుగానీ రాయొద్దు, పేజీల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. డ్యూటీలో కునుకు తీశానని ఆయన మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట ఆయన ఉద్యోగానికే ముప్పు తేవచ్చు. రేపు ఏ యూనివర్సిటీలో పరిశోధన మొదలుపెట్టినా ఎథిక్స్ కమిటీ మిమ్మల్ని ముందుగా అడిగేది కూడా ఇదే: ఆయన ఒప్పుకున్నారా, ఆయన పేరు బయటపడకుండా ఏం చేశారు?