వేసవిలో చెరువు నీటి వేడిమియు, చేపల మేతయు

వేసవినాడు తెల్లవారుజామున చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండుటయు, ప్రొద్దెక్కునప్పటికి కొన్ని చచ్చి తేలుటయు మన చెరువులలో కలదు. అట్టి వేళ "ఎవరో విషము కలిపిరి" అని ఊరిలో అనుమానములును, తగవులును పుట్టును. విషమనుటకు ముందు నీటినే పరీక్షింపవలయును. తరిగొప్పుల వంటి మెట్టసీమలో చెరువు నీరు ఆయకట్టు రైతులకును, చేపలు పెంచు సంఘమువారికిని ఉమ్మడి ధనము. కావున ఈ సంగతి ఇరువురును ఎరుగదగినది.

చెరువు నీటిని గాజుగ్లాసులో పట్టి వెలుతురున కెదురుగా చూచినచో చుక్కలవలె కదలు సన్నని జీవులు కనబడును. ఇవి జంతు ప్లవకములు. నీటికి పచ్చదనమిచ్చు సూక్ష్మమైన మొక్కలు వృక్ష ప్లవకములు. చెరువునందైనను, సముద్రమునందైనను చేపలకు మూలాహారము ఇవియే. బొచ్చె చేప ముఖ్యముగా వీనినే తిని పెరుగును.

వృక్ష ప్లవకములు పగటియెండలో ఆహారమును తయారుచేసికొని ప్రాణవాయువును నీటిలోనికి విడుచును. కాని శ్వాసించుట మాత్రము రేయింబవళ్లును జరుగును. ఇది వాని రాబడి, ఖర్చుల లెక్క వంటిది.

ఈ లెక్కను వేడిమి మార్చును. మనుష్యులకువలె వీనికి నిలుకడయైన ఒంటివేడి లేదు. నీరు వెచ్చనైన దేహమును వెచ్చనగును. రసాయన క్రియల వేగము వేడిమితో హెచ్చునని వాంట్‌హాఫ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1884లో వివరించెను. నీరు 10 డిగ్రీలు వేడెక్కిన శ్వాసక్రియ సుమారు రెండింతలగును. ఆహారము తయారగుట అంతగా హెచ్చదు. ఏలయన దానికి వెలుతురును, నీటిసారమును కూడ కావలయును. కావున వేడిమి పెరిగినకొలది రాబడికన్న ఖర్చు త్వరగా పెరుగును.

అంతేకాదు. 20 డిగ్రీల మంచినీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములనే ఇముడ్చుకొనును. నిలువ తగ్గినప్పుడే ఖర్చు హెచ్చినదన్నమాట. రాత్రియంతయు ప్లవకములును, చేపలును, అడుగున కుళ్లు పదార్థములును ఈ నిలువనే వాడుకొనును. అందుచే తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. 3 మిల్లీగ్రాములకు లోపైనచో చేపలకు కష్టము కలుగును. ముందటి పగలు మబ్బు క్రమ్మియుండిన అపాయము మరింత హెచ్చు.

బంగాళాఖాతమున వెచ్చని నీరును, నదులు తెచ్చిన మంచినీరును తేలికయై పైపొరగా నిలుచును; అడుగునగల సారము పైకి రాక ప్లవకములకు కొరత కలుగును. అచట లోటు, మన చెరువులలో మితిమీరుట. పేడ, ఎరువులు, ఊరి మురికినీరు చేరుటచే నీరు చిక్కని పచ్చయగును. పచ్చదనము కొంతవరకు లాభమే. హద్దు దాటిన రాత్రివేళ అదియే శత్రువగును.

కావున రైతు సోదరులును, సంఘమువారును ఈ క్రింది జాగ్రత్తలు గైకొనవలయును.

1. చేతిని నీటిలో ముంచి చూడుడు. జానెడు లోతులోనే అరచేయి కనబడకపోయిన పేడయు, ఎరువును వేయుట ఆపవలయును.

2. నీరు తగ్గుచున్నప్పుడు ఎదిగిన చేపలను ముందుగానే పట్టి అమ్మి, చెరువులో సంఖ్య తగ్గింపవలయును.

3. మబ్బుపట్టిన దినములలో దాణా వేయరాదు.

4. చేపలు నోళ్లు తెరచుచున్నచో మోటారుతో నీటిని తోడి, తిరిగి చెరువులోనికే తుంపరలుగా పడునట్లు చేయవలయును. ప్రొద్దెక్కువరకు దీనిని ఆపరాదు.

5. తూము తెరచుటకు ముందు చేపలకు ఎంతలోతు నీరు మిగులవలయునో ఇరుపక్షములవారును కలిసి నిర్ణయించుకొనవలయును. లోతు తగ్గిన నీరు త్వరగా వేడెక్కును.

చైత్ర వైశాఖములలో ప్రతిదినమును కోడికూతవేళ ఒకరు కట్టపై నడచి నీటిని చూచిన, ఏడాది శ్రమ నిలుచును. ఊరిలో అనవసరమైన తగవును తప్పును.