నాన్న పోరాడిన నేల ఎక్కడ?

ప్రశ్న: మా నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ రెజిమెంట్ జవానుగా బర్మా వైపు పోరాడారు. ఆ చోట్లు చూడాలనుంది. ఎలా?
– ఓ పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: ప్రయాణానికి ముందు నాన్నగారి డిశ్చార్జి బుక్కు వెతకండి. అందులోని సైనిక నంబరు, బెటాలియన్ పేరే మీకు ఆధారం. వాటితో నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయమూ అడగండి. బెటాలియన్ తెలిస్తే, ఆనాటి యుద్ధ డైరీల కోసం లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌ను సంప్రదించవచ్చు.

ఆయన కొహిమాలో పోరాడారని తేలితే దిమాపూర్ దాకా రైల్లో వెళ్లండి. నాగాలాండ్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. 1944లో భీకర పోరు జరిగిన గారిసన్ హిల్ మీదే యుద్ధ సమాధులున్నాయి. దహన సంస్కారాలు జరిగిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకూ అక్కడే స్మారకం ఉంది.

వెళ్లేలోపే నాన్నగారు చెప్పిన మాటలన్నీ రాసి పెట్టండి. కరవు సీమ జవాన్ల చరిత్ర మీలాంటి వారు రాస్తేనే నిలుస్తుంది.