దండు ఊపు తగ్గిందని గుర్తించడం ఎలా?



లోకంలో ఎక్కడ యుద్ధం జరిగినా దాని వార్త మన ఇంటి గడప తొక్కుతుంది. విశాఖ వాసులకు ఇది మరీ దగ్గరి విషయం. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. ఓడలమీద, పరాయి దేశాల్లో పనిచేసే బిడ్డలున్న కుటుంబాలు ప్రతి విచారణలోనూ ఉన్నాయి. యుద్ధవార్త వినగానే పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ దండు ఇంకా ముందుకు వస్తుందా, ఆగిపోయినట్టేనా?" ఈ ప్రశ్నకు భయంతోనో అభిమానంతోనో కాక, ఆలోచించి జవాబు చెప్పుకోవడం ఎలాగో ఈ వారం నేర్చుకుందాం. ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు.

1942లో ఏం జరిగింది?

ఆ ఏడాది ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను వశమయ్యాయి. మార్చి 23న అండమాను దీవులు కూడా పోయాయి. బర్మాలో కూలినాలి చేసుకుని బ్రతుకుతున్న మన ఉత్తరాంధ్ర వారు ఎందరో అడవి దారుల్లో నడిచి స్వదేశానికి తిరిగి వచ్చారు. ఏప్రిల్ 5, పాస్క పండుగ ఆదివారం నాడు జపాను విమానాలు కొలంబోపై దాడి చేశాయి. మరునాడు, అంటే ఏప్రిల్ 6న, కాకినాడ మీద, మన విశాఖ మీద బాంబులు పడ్డాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఆ విమానాలు వచ్చాయి. నాటి బాంబు ఒకటి నేటికీ బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. మద్రాసు నగరం కూడా చాలావరకు ఖాళీ అయింది.

"ఇక నేడో రేపో దిగుతారు" అని అందరూ అనుకున్నారు. కాని వారు దిగలేదు. విమానాలు వచ్చాయే గాని, వాటి వెనుక సైన్యాన్ని దింపే ఓడలు రాలేదు. పెద్ద నౌకాదళం తన పని ముగించుకుని జపానుకు తిరిగిపోయింది. కొలంబోపై దాడికి వచ్చిన అయిదు విమానవాహక నౌకల్లో మూడు, రెండు నెలలకే, 1942 జూన్‌లో, పసిఫిక్ సముద్రంలో మిడ్వే దగ్గర మునిగిపోయాయి. మన ఊరు ఎక్కువగా వణికిన ఆ రోజుల్లోనే, మన సముద్రంలో వారి దూకుడు దాని చివరి హద్దుకు చేరిందన్నమాట.

ఎందుకు ఆగుతుంది?

క్లౌజ్‌విట్జ్ అనే జర్మను సేనాని యుద్ధాన్ని గురించి రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1832లో వెలువడింది. అందులో ఒక ముఖ్యమైన ఆలోచన ఉంది. దాడిచేసే సేన ముందుకు నడిచేకొద్దీ బలహీనపడుతుంది. గెలిచిన ప్రతి ఊరికీ కాపలా పెట్టాలి. దారి పొడుగునా బళ్లను, వంతెనలను కాచుకోవాలి. తిండి, మందుగుండు మరింత దూరం మోయాలి. ఎక్కడో ఒకచోట, దాడికి చాలినంత బలం మిగలదు. ఆ హద్దు దాటి కూడా ముందుకు పోయే సేనాపతి తన సేనను తానే నాశనం చేసుకుంటాడు. పదివేలమందితో ఇరవైవేలమందిని ఎదుర్కోగలనా అని ముందుగా కూర్చుండి ఆలోచించుకునే రాజును గురించి లూకా సువార్త 14వ అధ్యాయంలో మనం విన్నాం. ఆ రాజు వేసిన లెక్కే ఇది.

అయిదు గుర్తులు

ఈ గుర్తులన్నీ 1944లో మన దేశపు ఈశాన్య సరిహద్దులో, ఇంఫాల్-కోహిమా పోరాటంలో, స్పష్టంగా కనిపించాయి.

1. తిండి వెనుకబడటం. జనరల్ ముటాగుచి సుమారు 85 వేలమందితో ఆ మార్చిలో చిండ్విన్ నది దాటించాడు. వెంట ఉన్నది సుమారు మూడు వారాల తిండి. మోతకూ మాంసానికీ పనికివస్తాయని వేలాది పశువులను తోలుకెళ్లారు. నదిలో, కొండదారుల్లో అవి అనేకం చచ్చాయి. మిగతా తిండి శత్రువు గిడ్డంగులను పట్టుకుని సంపాదించాలని ఆశ. శత్రువు అన్నం మీద ఆశపెట్టుకున్న సేనకు గడువు దగ్గరపడినట్టే.

2. గడువు తప్పడం. మూడు వారాల్లో ముగియవలసిన పని మూడు నెలలైనా ముగియలేదు. ఈలోగా వానాకాలం వచ్చింది, దారులు బురదయ్యాయి.

3. ఒకేచోట పదే పదే కొట్టడం. కోహిమాలో డిప్యూటీ కమిషనరు బంగళా టెన్నిస్ కోర్టుకు అటు ఒక సేన, ఇటు ఒక సేన నిలిచి వారాల తరబడి పోరాడాయి. దేశాన్ని గెలవవచ్చిన దండు ఒక ఆటస్థలం దాటలేకపోతే, ఊపు పోయిందని అర్థం.

4. చుట్టుముట్టినా ఎదుటివారు చెదరకపోవడం. 1942లో దారి తెగితే చాలు, బ్రిటిషు భారతసేన వెనక్కి తగ్గేది. 1944లో ఇంఫాల్‌ను చుట్టుముట్టినా, విమానాలమీద సరుకులు తెప్పించుకుంటూ నిలబడింది. దాడిచేసేవారి ఆయాసం ఒక్కటే చూస్తే చాలదు. నిలిచేవారి ఊపిరి కూడా చూడాలి.

5. సేనాపతుల మధ్య తగవులు. తిండి, మందుగుండు అందడం లేదని మొరపెట్టుకున్న జనరల్ సాటో చివరకు పైవారి ఆజ్ఞను కాదని కోహిమా నుంచి తన డివిజన్‌ను వెనక్కి నడిపించాడు. ఆ దండయాత్ర కాలంలోనే మూడు డివిజన్ల అధిపతులూ పదవులు పోగొట్టుకున్నారు. జూన్ 22న కోహిమా-ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. జూలైలో దండయాత్ర విరమించారు.

పొగ, మంచు

తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించమంటారు. అయితే మంచును చూసి పొగ అనుకోవద్దని కూడా హెచ్చరిస్తారు. కనుక మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దు. సేన ఆగడం విశ్రాంతి కోసం కావచ్చు, కొత్త బలగం కోసం కావచ్చు. వెనక్కి తగ్గిన ప్రతివాడూ ఓడినవాడు కాదు. 1944లో జనరల్ స్లిమ్ కావాలనే తన సేనను ఇంఫాల్ మైదానానికి వెనక్కి రప్పించాడు. శత్రువు సరుకుల దారి సాగిపోవాలన్నదే ఆయన ఎత్తు. పటం మీద మాత్రం శత్రువు గెలుస్తున్నట్టే కనిపించింది. నాలుగైదు గుర్తులు ఒకేవైపు చూపినప్పుడే నమ్మండి.

రెండవది, ఊపు తగ్గడం యుద్ధం ముగియడం కాదు. మన ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ఇది తెలుసు. ఫర్నేసులో ముడిసరుకు వేయడం ఆపినంత మాత్రాన వేడి వెంటనే చల్లారదు. మిడ్వే తర్వాత కూడా యుద్ధం మూడేళ్లు సాగింది. అండమాను ప్రజలు 1945లో యుద్ధం ముగిసేదాకా ఆక్రమణ కింద నలిగారు. 2022 ఫిబ్రవరిలో కీవ్ నగరం వైపు కదిలిన రష్యా బళ్ల వరుస దారిలోనే నిలిచిపోయింది. ఏప్రిల్ మొదట్లో ఆ ప్రాంతం నుంచి సేన వెనుదిరిగింది. ఇక ముగిసినట్టే అని అనేకులు అన్నారు. తూర్పు యుక్రెయిన్‌లో పోరు ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది.

మూడవది, శత్రువు అలసిపోయాడని విని చప్పట్లు కొట్టవద్దు. ఇంఫాల్-కోహిమా దండయాత్రలో సుమారు 30 వేలమంది జపాను సైనికులు మరణించారని లెక్క. వారిలో అధికులను చంపింది తుపాకీ కాదు, ఆకలి, మలేరియా, విరేచనాలు. దేశస్వాతంత్ర్యం కోసం వారితో నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులు కూడా ఆ ఆకలినే పంచుకున్నారు. "ఊపు తగ్గింది" అని మనం తేలికగా చదివే రెండు మాటల వెనుక ఇందరు తల్లుల బిడ్డలున్నారు. కోహిమా కథెడ్రల్ నిర్మాణానికి ఆ జపాను మృతుల కుటుంబాల వారు కూడా విరాళాలు పంపారు. పోరాడిన నేలమీదనే ఇరుపక్షాల వారిని తలచుకుని ప్రార్థించే చోటు ఏర్పడింది.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మీ ఇంట్లోని పెద్దలు 1942 నాటి పారుబోతును గురించి తమ తల్లిదండ్రుల నుంచి ఏమి విన్నారు? పిల్లలకు చెప్పించండి.

2. ఈ వారం వచ్చిన యుద్ధవార్త ఒకటి తీసుకోండి. అందులో ఊరి పేరు, తేదీ, సరుకుల సంగతి ఏమైనా ఉన్నాయా? లేక పొగడ్తలు, బెదిరింపులేనా?

3. పై అయిదు గుర్తుల్లో దానికి ఎన్ని వర్తిస్తాయి?

ఈ పని చేసిన కుటుంబం వదంతికి తొందరపడి ఇల్లు విడవదు. గెలుపు కబురుకు తొందరపడి సంబరమూ చేసుకోదు.