కోళ్ళను క్రొత్త గూటికి మార్చుట

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములకు రాజేంద్రనగరము చేరువలోనే యున్నది. అక్కడి కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు పెరటి పెంపకమునకు తగినవి. అయితే మంచి కోళ్ళు, మంచి గూడు ఉన్నను, వానిని మార్చు పద్ధతి తెలియనిచో మొదటి వారములోనే నష్టము కలుగును.

కోడికి తాను రాత్రి పడుకొను చోటే ఇల్లు. పగటిపూట క్రొత్త గూటిలోనికి తోలినను, సాయంకాలము వదలినచో అది పాత చోటికే పోవును. గూడు కనిపించనిచో చెట్టుకొమ్మపైననో, గోడవారనో పడుకొనును. ఆ రాత్రియే కుక్కకో, అడవిపిల్లికో చిక్కవచ్చును. కావున ఈ క్రింది విషయములు గమనింపుడు.

గూడు సిద్ధపరచుట: గూటి పొడవు తూర్పుపడమరలుగా నుండిన ఎండ నేరుగా లోపల పడదు. వాననీరు చేరకుండ నేలను ఒక అడుగు ఎత్తు చేయవలెను. కోడికి 2 చదరపు అడుగుల చొప్పున స్థల ముండిన చాలును. గోడల తడి పూర్తిగా ఆరిన పిమ్మట వరి ఊక గాని, వేరుసెనగ పొట్టు గాని 2, 3 అంగుళముల మందమున పరచవలెను. 5 పెట్టలకు ఒక గుడ్ల పెట్టె ఉంచవలెను.

పాత పురుగును తేరాదు: కోళ్ళ గోమార్లు పగలు గూటి పగుళ్ళలో దాగి, రాత్రి రక్తము పీల్చును. ఆహారము లేకున్నను నెలల తరబడి బ్రతుకును. కనుక పాత కర్రలు, గంపలు, ఊక క్రొత్త గూటికి చేర్చకుడు. పిల్ల గోమార్లు రెక్కల క్రింద కొన్ని దినములు అంటియుండును. ప్రతి కోడిని పరీక్షించి, ఉన్నచో పశువైద్యుడు చెప్పిన మందు వాడి, అవి పోయిన తరువాతనే మార్చవలెను. కొక్కెర తెగులు టీకా బాకీ యున్నచో అదియు వారము, పది దినములు ముందుగానే వేయింపుడు. మార్చు దినముననే టీకా వేయించిన కోడికి రెండింతల శ్రమ.

మార్చు విధానము: చీకటి పడిన తరువాత కోళ్ళు కదలక కూర్చుండును. అప్పుడు రెక్కలు కదలకుండ రెండు చేతులతో పట్టి, ఒక్కొక్కదానిని క్రొత్త గూటి కర్రపై నుంచవలెను. కాళ్ళు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీయరాదు. మేత, నీరు ముందే లోపల పెట్టి, ఇదివరకటి మేతనే కొనసాగింపవలెను. ఐదారు దినములు తలుపు తీయరాదు. వేసవిలో నయితే నీడ, చల్లని నీరు తప్పనిసరి.

తరువాత ఒకనాడు ప్రొద్దు గ్రుంకుటకు ఒక గంట ముందు వదలుడు. మునిమాపు వేళ లోపల జొన్నలు చల్లి పిలిచిన తిరిగి వచ్చును. లెక్క చూచి తలుపు మూయుడు. దారి తప్పిన వానిని వెదకి, చీకటిలో మరల గూటికి చేర్పుడు. పాత గూటిని మాత్రము వెంటనే విప్పివేయవలెను.

కొన్నాళ్ళు గుడ్లు తగ్గుట సహజము, భయపడ నక్కరలేదు. కాని మెడ వంకరపోవుట, పచ్చని విరేచనములు, వరుసగా చావులు కనిపించినచో అది తావు మార్పు వలన కలిగినది కాదు. కోళ్ళను అమ్మక, ఇతరుల కీయక, వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలెను. గ్రామాధికారులును ఇట్టి వార్తను జాగు చేయక పంపినచో ఊరి కోళ్ళన్నియు నిలుచును.