ఆటయంత్రము నిలిచినపుడు చేయవలసిన పరిశీలన

వీడియో ఆటల కన్సోలు నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల యిండ్లలో అరుదైన వస్తువు కాదు. సోనీవారి ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021 వ సంవత్సరము ఫిబ్రవరి 2 వ తేదీన 49,990 రూపాయల వెలకు విడుదలయ్యెను. ఇంత వెలగల యంత్రము డిస్కును చదువకున్నను, అప్‌డేటు నడుమ నిలిచిపోయినను బాలురు కలతపడి తోచిన మీటలెల్ల నొక్కుదురు. తల్లిదండ్రులు మరమ్మతు దుకాణమునకు గొనిపోవుదురు. ఈ రెంటికంటె ముందు చేయదగిన పరిశీలనను ఇచ్చట వివరింప దలచితిమి.

మొదట ఏది యెచ్చట నుండునో తెలిసికొనవలెను. డిస్కు అచ్చుపుస్తకము వంటిది. యంత్రము దానిపై నేమియు వ్రాయదు. ఆటగాడు సాధించిన ఫలమంతయు యంత్రము లోపలి నిలువలో నుండును; అది నోటుపుస్తకము వంటిది. అచ్చుపుస్తకము చిరిగినచో మరియొకటి కొనవచ్చును. నోటుపుస్తకము కాలినచో మరల దొరకదు. ఈ భేదము మరువరాదు.

డిస్కు సంగతి. బ్లూరే డిస్కును 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల ఊదారంగు లేజరు కిరణము చదువును. వ్రాత పైపొరకు 0.1 మిల్లీమీటరు లోతుననే యుండును. అది చుట్లు చుట్లుగా సాగిన ఒకే బాట. బాటకు అడ్డముగా పడిన గీత ప్రతి చుట్టునందును కొంచెమే చెరుపును. ఆ లోపమును యంత్రము గణితముచే పూరించుకొనును. బాట వెంబడి పడిన గీత యొకేచోట చాల భాగమును చెరుపును. కావుననే డిస్కును మెత్తని పొడిగుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను; గుండ్రముగా తుడువరాదు.

తుడిచినను ఫలము లేనిచో మరియొక డిస్కును పెట్టి చూడుడు. అది నడచినచో లోపము మొదటి డిస్కుది. ఏ డిస్కును నడువనిచో లోపము యంత్రమునది కావచ్చును. నిశ్చయము కొరకు డిస్కును మిత్రుని యంత్రమున పరీక్షింపుడు. 2018 సెప్టెంబరు 24 న ఈ మార్గమున మెట్రో రైలు ప్రారంభమైనది. దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటినంతనే ఎల్.బి.నగర్ వచ్చును. ఈ స్వల్పప్రయాణము అనవసరపు మరమ్మతు ఖర్చును తప్పింపవచ్చును. విజయవాడ రహదారి ఈ పేటల మీదుగానే పోవుచున్నందున దుమ్మునకు కొదువ లేదు. యంత్రమును ఆపి, తీగను తీసి, గాలి రంధ్రములను అప్పుడప్పుడు శుభ్రపరుపవలెను.

అప్‌డేటు సంగతి. ఇది నిలిచుటకు ముఖ్యకారణములు మూడు: చోటు చాలమి, ఇంటర్నెటు మాంద్యము, విద్యుత్తు పోవుట. 2020 లో వచ్చిన నమూనాలో 825 జీబీల నిలువ యున్నను, ఆటలకు మిగులునది సుమారు 667 జీబీలే. కావున ఆడని ఆటలను తొలగించి చోటు చేయుడు. పిదప రూటరును ఆపి మరల నడిపింపుడు. వేసవి గాలివానలలో కరెంటు పోవుట మనకు తెలిసినదే. సిస్టము అప్‌డేటు వ్రాయబడుచుండగా యంత్రము ఆగిన పెద్దచిక్కు కలుగును. మేఘావృతమైన సాయంకాలమున దానిని ప్రారంభింపరాదు.

యంత్రము తెరపైకి రానిచో సేఫ్ మోడు కలదు. ఆపిన యంత్రము మీటను సుమారు 7 సెకండ్లు, రెండవ శబ్దము వినబడువరకు, నొక్కిపట్టి, కంట్రోలరును యూఎస్‌బీ తీగతో తగిలింపవలెను. అచ్చట కనబడు మార్గములను ఈ వరుసతో అనుసరింపుడు:

1. యంత్రమును మరల ప్రారంభించుట.
2. సిస్టమును అప్‌డేటు చేయుట. ఇంటర్నెటు లేనిచో, తయారీదారుల వెబ్‌సైటు నుండి ఫైలును యూఎస్‌బీ డ్రైవులోనికి తెచ్చుకొనవచ్చును.
3. డేటాబేసును పునర్నిర్మించుట. ఇది విషయసూచికను తిరిగి వ్రాయుట వంటిది, నోటుపుస్తకము చెడదు.
4. రీసెట్ చేయుట. ఇది నోటుపుస్తకమును కాల్చుటయే. అన్నిటికిని కడపట, వేరుగతి లేనప్పుడే చేయవలెను.

ఒక్కొక్క మార్పునే చేసి, ఫలమును కాగితముపై వ్రాసికొనుడు. రెండు మార్పు లొక్కసారి చేసినచో దేనివలన బాగైనదో తెలియదు. దుకాణమునకు పోవలసివచ్చినను ఆ కాగితము పనివానికి దారి చూపును. యంత్రము చక్కగా నడచుచున్న దినముననే వేరొక డ్రైవులోనికి బ్యాకప్ తీసి యుంచిన విద్యార్థికి రీసెట్ వలన గూడ భయము లేదు. కావున తల్లిదండ్రులు ఈ సెలవులలోనే పిల్లలచే ఆ పని చేయింతురుగాక.