పడవలో విద్యుత్తు పద్దు

విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి చేపల వేటకు సాగే మరపడవలలో దీపాలకు, రేడియోకు, ఇంజను స్టార్టు చేయడానికి బ్యాటరీయే ఆధారం. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసపు బ్యాటరీ నేటికీ అనేక పడవలలో సేవలందిస్తున్నది.

12 వోల్టుల బ్యాటరీ, వాడకం లేనప్పుడు, 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 చూపితే దాదాపు సగమైనట్లు. కాని దీపాలు వెలుగుతున్నప్పుడు ఆ అంకె తగ్గుతుంది, ఛార్జి అవుతున్నప్పుడు పెరుగుతుంది. కనుక వోల్టుమీటరు ఒక్కటే చాలదు.

ఈ లోటును తీర్చేది బ్యాటరీ మానిటర్. రుణధ్రువపు తీగలో అమర్చిన 'షంట్' అనే స్వల్ప నిరోధం ద్వారా అది వచ్చిన విద్యుత్తును జమగా, పోయినదానిని ఖర్చుగా లెక్కిస్తుంది. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగం వాడుకోవడమే మేలు. 5 ఆంపియర్ల వాడకానికి ఆ సగం 10 గంటలలో తీరుతుంది. అంతకు మించి తరచుగా వాడితే బ్యాటరీ ఆయువు క్షీణిస్తుంది.

మానిటర్‌లో బ్యాటరీ సామర్థ్యాన్ని సరిగా నమోదు చేయాలి. అప్పుడప్పుడు బ్యాటరీని పూర్తిగా నింపి పద్దు సరిచూడాలి. ఇంజను స్టార్టుకు వేరొక బ్యాటరీని ఉంచుకోవాలి. తుపాను హెచ్చరిక వినవలసిన రాత్రి రేడియో మూగవోతే తీరం చేరే దారి మూసుకుపోవచ్చు. నడిసంద్రంలో మిగులు ఎరిగి వాడుకోవడం పొదుపు మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా.