పేరుతో కాదు చెల్లీ, నంబరుతో వెతుకు

నెలాఖరు వచ్చిందంటే చాలు, సంఘం పొదుపు ఒక షీటులో, అప్పు వాయిదాలు ఇంకో షీటులో పెట్టుకుని ఒక్కో పేరూ వేలితో వెతుక్కుంటూ కూర్చుంటావు కదూ? కళ్లు పోతాయే తల్లీ! ఆ వెతుకులాట ఎక్సెల్‌కి అప్పజెప్పు. అందులో వీలుకప్ (VLOOKUP) అని ఒక ఫార్ములా ఉంది. 1985లో మొదటి ఎక్సెల్ వచ్చిన నాటి నుంచీ ఉంది.

దానికి నాలుగు సంగతులు చెప్పాలి. ఏది వెతకాలి, ఏ పట్టికలో, దొరికాక ఎన్నో నిలువు వరసలోది తెచ్చివ్వాలి, చివరగా అచ్చంగా అదే కావాలా, దగ్గరిదైనా ఫర్వాలేదా. మొదటి మూడూ అందరూ బాగానే రాస్తారు. నా బెంగంతా నాలుగోదాని మీదే. అక్కడ ఏమీ రాయకపోతే దగ్గరిదైనా సరేననుకుంటుంది. వరుసగా నంబర్లున్న పట్టికలో 118 లేదనుకో, 117 ఆవిడ బాకీ తెచ్చి 118 పక్కన పెట్టేస్తుంది. చూడ్డానికి లెక్క శుభ్రంగానే ఉంటుంది. కానీ ఒకరి అప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంది, సంఘంలో మాటామాటా పెరుగుతుంది. అందుకే చివర ఫాల్స్ అనో, సున్నా అనో తప్పకుండా వెయ్యి.

అప్పుడు దొరకనిచోట ఎన్‌ఏ అని వస్తుంది. కంగారుపడకు, 'ఇక్కడ లేదు' అని నిజం చెబుతోందంతే. ఇఫ్‌ఎర్రర్ అనే ఇంకో ఫార్ములా పెట్టి దాన్ని సున్నా చేసెయ్యమని కొందరంటారు. బాకీల లెక్కలో ఆ పని అస్సలొద్దు. సున్నా చూస్తే అప్పు తీరిపోయిందనుకుంటారు మరి!

పేర్లతో వెతకడం కూడా మానెయ్. ఒక్క ఊళ్లోనే ఎంతమంది లక్ష్ములు! వీలుకప్ మొదట కనబడిన లక్ష్మి దగ్గరే ఆగిపోతుంది. పేరు చివర కనపడని ఖాళీ ఒక్కటున్నా గుర్తుపట్టదు. సభ్యత్వ నంబరు వాడు, అది పట్టికలో ఎడమ చివరి వరసలో ఉండాలి. రెండు షీట్లలోనూ అంకెగానే ఉండాలి, ఒకచోట అంకె, ఇంకోచోట టెక్స్ట్ అయితే కలవవు. ఫార్ములా కిందికి లాగే ముందు పట్టిక హద్దులకు ఎఫ్4 కొట్టి డాలర్ గుర్తులు పెట్టుకో, లేకపోతే పట్టిక కూడా కిందికి జరిగిపోతుంది.

నీది ఎక్సెల్ 2021 గానీ, గూగుల్ షీట్స్ గానీ అయితే ఎక్స్‌లుకప్ నేర్చుకో. ఎడమవైపున్నదీ తెస్తుంది, నువ్వు చెప్పకపోయినా అచ్చంగా అదే వెతుకుతుంది. నా ఓటు దానికే.

ఈ నెల లెక్క తేల్చేలోపు పాత షీటు ఒక్కసారి తెరిచి, ప్రతి వీలుకప్ చివరా ఫాల్సో, సున్నానో ఉందో లేదో చూడు చెల్లీ.